సైట్ తెరిస్తే 500 ఎర్రర్, అడ్మిన్‌లోకి కూడా పోనివ్వట్లేదు, ఎవరైనా దారి చెప్పండి

నాగావళి ఒడ్డు:

అందరికీ నమస్కారం. నాకు కోడింగ్ రాదు, మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తాను, ఉండేది విశాఖలో. మా తెలుగు మాస్టారు ముప్పై ఏళ్లపాటు శ్రీకాకుళం జిల్లా ఊళ్లు తిరిగి పోగుచేసిన పాటలు, సామెతలు, బుగత, కంబారి లాంటి మా వైపు మాటలు అన్నీ వర్డ్‌ప్రెస్ అన్న సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒక సైట్‌లో పెడుతున్నాం. 2014లో మొదలైంది, ఇప్పటికి 1,100 పోస్టులు దాటాయి, అందులో 300కు పైగా పాటలకు ఆడియో ఉంది. ఆ పాటలు పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. అందుకే ఇంత కంగారు పడుతున్నాను.

సంగతి ఏంటంటే, నిన్న రాత్రి పడుకోబోయే ముందు సైట్ తెరిస్తే తెల్ల పేజీ మీద, ఈ వెబ్‌సైట్‌లో క్రిటికల్ ఎర్రర్ వచ్చింది అని ఇంగ్లీషులో ఒక్క లైను కనిపించింది. లాగిన్ పేజీ దగ్గర కూడా అంతే. నేను కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు, వారం నుంచి అసలు లాగిన్ కూడా కాలేదు. పొద్దున్నే ఒక ఫ్రెండ్‌ని అడిగితే, డీబగ్ ఆన్ చేస్తే తప్పెక్కడుందో చూపిస్తుంది అని వాట్సాప్‌లో ఒక లైను పంపాడు, దాన్ని కాపీ చేసి వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్ ఉండే డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టి సేవ్ చేశాను. దాంతో ఆ ఒక్క లైను కూడా పోయి, ఈ పేజీ పనిచేయడం లేదు, హెచ్‌టీటీపీ ఎర్రర్ 500 అని క్రోమ్ చూపిస్తోంది. హోస్టింగ్ వాళ్లని చాట్‌లో అడిగితే మా సర్వర్ బాగానే ఉంది, మీ డెవలపర్‌ని అడగండి అన్నారు. మాకు డెవలపర్ అంటూ ఎవరూ లేరు.

పోయిన ఏడాది ఉగాదికి తీసిన బ్యాకప్ ఒకటి నా ల్యాప్‌టాప్‌లో ఉంది. అది ఎక్కించేయనా? ఎక్కిస్తే ఆ తర్వాత పెట్టిన 140 పోస్టులు పోతాయి కదా? అసలు ఇప్పుడు డేటా ఉన్నట్టా పోయినట్టా? మాస్టారికి ఇంకా చెప్పలేదు, రోజూ పొద్దున ఒకసారి తెరిచి చూసుకుంటారు ఆయన, ఈరోజు నెట్ లేదని ఏదో చెప్పి ఆపాను.

చింతచిగురు:

ముందు టెన్షన్ పడకండి, డేటా పోలేదు. పోస్టులన్నీ డేటాబేస్‌లో ఉంటాయి, ఆడియోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, 500 ఎర్రర్ వచ్చినంత మాత్రాన ఈ రెంటికీ ఏమీ కాదు. డేటాబేస్ అందకపోతే వర్డ్‌ప్రెస్ ఆ సంగతే వేరే మాటల్లో చెప్తుంది, డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదు అని. మీకు అది రాలేదు కాబట్టి ఆ వైపు అనుమానం అక్కర్లేదు. బ్యాకప్ మాత్రం ఎక్కించకండి.

నాకు ఇలా వచ్చినప్పుడు రెండుసార్లు, సర్వర్‌కి సూచనలు ఉండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలే కారణమైంది. ఫైల్ మేనేజర్‌లో ఆ ఫైల్ పేరు మార్చి చూడండి, చివర పాత అని తగిలించినా చాలు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలుగా కనబడవు, సెట్టింగ్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించు అన్న టిక్ పెట్టాలి.

నాగావళి ఒడ్డు:

డేటా ఉందన్న మాటకి ప్రాణం లేచొచ్చిందండీ. హెచ్‌టీయాక్సెస్ పేరు మార్చాను, కానీ ఏమీ మారలేదు, అదే 500.

రాత్రి షిఫ్ట్:

నాగావళి గారూ, ఇంకేమీ మార్చకండి, కాసేపు ఆగండి. ఇప్పటికే రెండు మార్పులు చేశారు, మూడోది చేస్తే ఏది అసలు జబ్బో ఏది మందు వల్ల వచ్చిన జబ్బో తేల్చడం కష్టం. నేను పన్నెండేళ్లుగా ఈ సర్వర్ల పనిలోనే ఉన్నాను, పగలగొట్టింది ఎర్రర్ కాదు, ఎర్రర్ చూసి భయపడి చేసిన పనులే అన్న సైట్లు చాలా చూశాను.

మీ పోస్టులోనే ఒక మంచి ఆధారం ఉంది. రాత్రి కనిపించిన పేజీ వేరు, పొద్దున కనిపించిన పేజీ వేరు. క్రిటికల్ ఎర్రర్ అన్న ఆ లైను వర్డ్‌ప్రెస్ రాసేది, పడిపోయినప్పుడు ఇలా చెప్పే ఏర్పాటు 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఉంది. అంటే రాత్రి వర్డ్‌ప్రెస్ లేచి, ఏదో ప్లగిన్ (అదనపు పనుల కోసం తగిలించేది) దగ్గరో థీమ్ (సైట్ రూపం చూసేది) దగ్గరో తట్టుకుని పడిపోయి, పడ్డానని చెప్పగలిగింది. పొద్దున ఆ మాట చెప్పడానికి కూడా అది లేవలేదు, అందుకే బ్రౌజరే సొంతంగా ఒక పేజీ చూపించింది. కాబట్టి మీకున్నది ఒక తప్పు కాదు, రెండు. రెండోది పొద్దున ఆ కాన్ఫిగ్ ఫైల్‌లో పడి ఉంటుందని నా అనుమానం, కానీ అనుమానం మీద పని చేయొద్దు, తప్పులన్నీ సర్వర్ రాసిపెట్టే లాగ్ చూద్దాం.

500 అన్నది కడుపు నొప్పి లాంటిది, లోపల ఏదో తేడా అని చెప్తుందే తప్ప ఏమిటో చెప్పదు. 502, 504 అయితే ముందున్న సర్వర్‌కి వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనో, టైముకి రాలేదనో, 503 అయితే ఇప్పుడు తీరిక లేదనో కాస్త గుట్టు విప్పుతాయి. 500కి మాత్రం లాగ్ తెరవాల్సిందే.

మీ హోస్టింగ్ అకౌంట్ కంట్రోల్ ప్యానెల్, అంటే సీప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. అక్కడ ఎర్రర్ అండర్‌స్కోర్ లాగ్ అన్న ఫైల్ ఉంటుంది. డబ్ల్యూపీ అడ్మిన్ ఫోల్డర్ లోపల కూడా అదే పేరుతో ఇంకోటి ఉండొచ్చు, అడ్మిన్ పేజీ తెరిచినప్పుడు వచ్చిన తప్పులు అందులో పడతాయి. ఏళ్ల తరబడి పేరుకుని పెద్దదై ఉంటుంది, పై నుంచి చదవకండి, చివర్న చూడండి. ఫేటల్ ఎర్రర్ అన్న మాటతో ఉన్న లైన్లు మాత్రమే కావాలి, వార్నింగ్, నోటీస్ అన్నవి వదిలేయండి. ఇంకో మాట, అందులో టైమ్ మనది కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ సమయం. దానికి ఐదున్నర గంటలు కలపండి. ఆ లైన్లు ఇక్కడ పెట్టేటప్పుడు మీ యూజర్ పేరు, సైట్ పేరు తీసేయండి.

ఇది చేసే ముందు ఒక్క పని, పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లోకి వెళ్లి డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ చేసి దింపుకోండి. సైట్ పడిపోయినా అది పనిచేస్తుంది. డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌ని కూడా జిప్ చేసి దింపుకోండి, ఆడియోలు పెద్దవి కాబట్టి టైమ్ పట్టినా సరే. ఆ రెండూ చేతిలో ఉంటే ఇంక మీరు ఏం చేసినా మాస్టారి పాటలకు ఢోకా లేదు.

నాగావళి ఒడ్డు:

డేటాబేస్ 46 ఎంబీ, దిగింది. ఆడియోలు ఇంకా దిగుతున్నాయి.

లాగ్ దొరికింది. చివర్న రెండు రకాల లైన్లే మళ్లీ మళ్లీ ఉన్నాయి. మొదటి రకం 18:42 దగ్గర మొదలైంది, మీరు చెప్పినట్టు కలిపితే అర్ధరాత్రి 12:12. అందులో, క్రియేట్ ఫంక్షన్ అన్న ఫంక్షన్ లేదు అని ఉంది, దాని పక్కన మేం పాటలకు వాడే ఆడియో ప్లేయర్ ప్లగిన్ ఫోల్డర్ పేరు, 214వ లైను అని ఉంది. రెండో రకం పొద్దున 8:50 నుంచి. అందులో, అన్‌డిఫైన్డ్ కాన్‌స్టెంట్ అని, కాన్ఫిగ్ ఫైల్ పేరు, నేను పెట్టిన ఆ డీబగ్ లైను నంబరు ఉన్నాయి. మీరన్నట్టే రెండు తప్పులండీ. కానీ ఫ్రెండ్ పంపింది పంపినట్టే కాపీ చేశాను, ఒక్క అక్షరం మార్చలేదు.

రాత్రి షిఫ్ట్:

బాగా చదివారు, ఇంతకంటే స్పష్టంగా ఏ లాగూ చెప్పదు.

రెండోది ముందు తీసేద్దాం. మీరు అక్షరం మార్చలేదు, దారిలో కోట్ గుర్తులు మారాయి. ఫోన్ కీబోర్డులు, వర్డ్ ఫైళ్లు, కొన్ని బ్లాగులు నిటారుగా ఉండాల్సిన కోట్‌ని తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టు వంకర కోట్‌గా మార్చేస్తాయి. మన కంటికి రెండూ ఒకటే, వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీకి మాత్రం వంకరది కోటే కాదు, పేరులో భాగమైన ఇంకో అక్షరం. అందుకని వంకర కోట్‌తో మొదలయ్యే ఏదో పేరు వాడారు, అలాంటిది నా దగ్గర లేదు అంటోంది. పీహెచ్‌పీ 7లో అయితే వార్నింగ్ ఇచ్చి సర్దుకుపోయేది, 8 నుంచి అక్కడే ఆగిపోతుంది. ఆ లైను పూర్తిగా చెరిపేయండి, ఇంక దాని అవసరం లేదు.

ఇప్పుడు అసలుది. క్రియేట్ ఫంక్షన్ అన్నది పీహెచ్‌పీలో పాతకాలం సరుకు. 2017లో 7.2 వచ్చినప్పుడే దీన్ని వాడొద్దని హెచ్చరించడం మొదలుపెట్టారు, 2020 నవంబర్‌లో 8.0 వచ్చినప్పుడు పూర్తిగా పీకేశారు. మీ ప్లగిన్ అంతకు ముందు రాసింది, తర్వాత ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నిన్న అర్ధరాత్రి దాకా పనిచేసి 12 దాటాక ఆగిందంటే, మీ సర్వర్‌లో పీహెచ్‌పీని పాతదాని నుంచి 8కి మార్చారన్నమాట. మీరేమీ చేయలేదన్నారు, నిజమే. మీ కింద నేల మారింది. ముందుగా మెయిల్ పంపే ఉంటారు, ఆ మెయిల్ ఎవరికి వెళ్తుందో చూడండి.

చేయాల్సింది ఏమిటంటే, డబ్ల్యూపీ కంటెంట్‌లో ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆ ఆడియో ప్లేయర్ ఫోల్డర్ పేరు ఒక్కటి మార్చండి. డిలీట్ చేయొద్దు. ఫోల్డర్ కనబడకపోతే వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ని దానంతట అదే ఆపేసి మిగతాది నడుపుతుంది. మొత్తం ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చమని చాలాచోట్ల రాస్తారు, దోషి ఎవరో తెలియనప్పుడు అది సరే, మనకి తెలుసు కదా.

చింతచిగురు:

సీప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మార్చుకునే చోటు ఉంటుంది కదా, అక్కడ మళ్లీ 7.4 పెట్టుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది, ప్లగిన్ కూడా ముట్టుకోనక్కర్లేదు. నేనైతే అదే చేస్తాను.

రాత్రి షిఫ్ట్:

ఒకటి రెండు రోజులకు సర్దుబాటుగా అయితే సరేనండీ, దాన్నే నమ్ముకుని ఉండిపోవడానికి నేను ఒప్పుకోను. 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబర్ 28తోనే ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన కన్నాలు అలాగే తెరిచి ఉంటాయి. పైగా వర్డ్‌ప్రెస్, మిగతా ప్లగిన్లు ఒక్కొక్కటీ 7.4ని వదిలేస్తూ పోతాయి, అప్పుడు ఇదే గొడవ తిరగబడి వస్తుంది. ఇలాంటి సైట్ మాస్టారి తర్వాత కూడా ఉండాలి.

మంజీర:

అన్నా, బ్యాకప్ ఎక్కిద్దామా అని అడిగినవు కాబట్టి చెప్తున్నా, నాకు తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలొద్దు. రెండేళ్ల కిందట మా ఊరి గ్రంథాలయం సైట్ ఇట్లనే ఆగిపోతే నేను కంగారుపడి పాత బ్యాకప్ ఎక్కించిన. సైట్ లేచింది, కానీ తెలుగు ఉన్న ప్రతిచోటా ప్రశ్నార్థకాలే. 600 పుస్తకాల పేర్లు, అన్నీ వరుసగా ప్రశ్నార్థకాలు, మధ్యలో ధరలు, సంవత్సరాలు మాత్రం బాగున్నయి. అది చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

తర్వాత తెలిసింది ఏందంటే, కొత్త డేటాబేస్‌లో టేబుళ్లు ల్యాటిన్ 1 పద్ధతిలో తయారైనయి, అందులో తెలుగు అక్షరానికి చోటే ఉండదు. తెలుగు కావాలంటే యూటీఎఫ్8ఎంబీ4 లాంటి పద్ధతి ఉండాలె. తెలుగు పాడైనప్పుడు రెండు రకాలుగా కనిపిస్తది, అది గుర్తుపట్టడం అవసరం. తల మీద గీత ఉన్న చిన్న ఇంగ్లీష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఇట్ల పిచ్చి గీతలు కనబడితే బతికిపోయినట్టే, లోపల బైట్లు అట్లనే ఉన్నయి, చదివే తీరు తప్పింది అంతే, సరిచేసుకోవచ్చు. ప్రశ్నార్థకాలు పడినయంటే మాత్రం అసలు అక్షరం పోయి దాని జాగాలో నిజంగానే ప్రశ్నార్థకం కూర్చున్నది, ఆ టేబుల్ నుంచి వెనక్కి రాదు. నా దగ్గర అసలు బ్యాకప్ ఫైల్ ఇంకా ఉండబట్టి బయటపడ్డ.

ఇప్పుడు దింపుకున్న డేటాబేస్ ఫైల్‌ని ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులో తెలుగు తెలుగులానే కనిపిస్తుందో లేదో చూసుకో అన్నా. ఏమీ మార్చకు, సేవ్ కూడా చేయకు, చూసి మూసెయ్.

నాగావళి ఒడ్డు:

లేచిందండీ!! డీబగ్ లైను తీసేయగానే మళ్లీ క్రిటికల్ ఎర్రర్ పేజీ వచ్చింది, ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చగానే హోమ్ పేజీ వచ్చేసింది. చేతులు వణికాయి నిజంగా. మంజీర గారూ, ఫైల్ తెరిచి చూశాను, మొదట కనిపించింది వంగతోట సామెత, చక్కగా తెలుగులోనే ఉంది.

మెయిల్ సంగతి కూడా తేలింది. హోస్టింగ్ అకౌంట్ మాస్టారి పాత మెయిల్ మీద ఉంది, ఆయన దాన్ని తెరిచి ఏళ్లయింది. నెల కిందటే ఒక మెయిల్, వారం కిందట ఇంకోటి, రెండూ పీహెచ్‌పీ మారుస్తున్నాం అనే. నిన్న రాత్రి వర్డ్‌ప్రెస్ పంపిన మెయిల్ కూడా అందులోనే ఉంది, ఏ ప్లగిన్ వల్ల ఆగిందో పేరుతో సహా రాసి, రికవరీ మోడ్‌లో లాగిన్ కావడానికి లింకు కూడా ఇచ్చింది. అది చూసి ఉంటే పొద్దున్నుంచి ఈ తిప్పలు ఉండేవి కావు. రెండు చోట్లా నా మెయిల్ కూడా పెట్టాను ఇప్పుడు.

ఇంకా రెండు ఇబ్బందులున్నాయి. హోమ్ పేజీ బాగుంది కానీ ఏ పోస్టు నొక్కినా 404, పేజీ దొరకలేదు అంటోంది. అడ్మిన్‌లోంచి ఇంకా పబ్లిష్ చేయని ఒక పోస్టు ప్రివ్యూ చూస్తే మాత్రం వస్తోంది, అందులో పాట ఉండాల్సిన చోట ప్లేయర్ బదులు చదరపు బ్రాకెట్లలో ఏదో కోడ్ కనిపిస్తోంది.

చింతచిగురు:

404కి కారణం నేనే, హెచ్‌టీయాక్సెస్ పేరు మార్పించింది నేను కదా, అది మళ్లీ వెనక్కి పెట్టమని చెప్పడం మర్చిపోయాను, క్షమించండి. పోస్టు లింకుల్ని వర్డ్‌ప్రెస్ దగ్గరికి మళ్లించే నాలుగు లైన్లు ఆ ఫైల్‌లోనే ఉంటాయి. అడ్మిన్‌లో సెట్టింగ్స్, అందులో పర్మాలింక్స్ తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ నొక్కండి, ఫైల్ కొత్తగా తయారవుతుంది. పాత ఫైల్‌లో మీరు సొంతంగా పెట్టుకున్నవి ఏమైనా ఉంటే దాన్నే తిరిగి అసలు పేరుకు మార్చుకోవడం మేలు.

సరిచేశాక కొన్ని తెలుగు లింకులు మధ్యలో తెగినట్టు కనిపిస్తాయి, అది దీనివల్ల అనుకుని భయపడకండి. లింకుకి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 గుర్తులు, లింకులో ఒక్కో తెలుగు అక్షరం, అలాగే ఒక్కో గుణింతం గుర్తు విడిగా, తొమ్మిదేసి గుర్తులుగా మారుతుంది, అంటే 22కి మించి పట్టవు. పాట మొదటి పాదాన్ని శీర్షికగా పెడితే సగంలోనే ఆగిపోతుంది. కొత్త పోస్టులకు లింకు మీరే చిన్నగా పెట్టుకోండి, పాతవి మాత్రం కదపొద్దు, ఎవరెవరు ఎక్కడెక్కడ పంచుకున్నారో.

రాత్రి షిఫ్ట్:

ఆడియో సంగతి. ఆ బ్రాకెట్లలో ఉన్నదాన్ని షార్ట్‌కోడ్ అంటారు, ప్లగిన్ లేదు కాబట్టి దాన్ని ప్లేయర్‌గా మార్చేవాళ్లు లేక అలాగే కనబడుతోంది. 300 పోస్టులు తెరిచి ఒక్కొక్కటీ మార్చే పని పెట్టుకోకండి. ఆ 214వ లైను మార్చి పాత ప్లగిన్‌నే నడపొచ్చు, కానీ దాని వెనక ఇంకెన్ని పాత లైన్లున్నాయో తెలియదు, ఒకటి దాటితే ఇంకోటి తగులుతుంది.

అసలు ఇప్పుడు ఆ ప్లగిన్ అవసరమే లేదు. 2013లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి సొంత ఆడియో ప్లేయర్ ఉంది. కాబట్టి ఒక చిన్న ఫైల్ రాసి, పాత షార్ట్‌కోడ్ పేరు ఎక్కడ కనబడినా అందులోని ఎంపీ3 లింకు తీసుకుని వర్డ్‌ప్రెస్ ప్లేయర్‌కి ఇవ్వు అని చెప్తే చాలు. పది లైన్ల పని. మీ షార్ట్‌కోడ్ ఒకటి ఉన్నది ఉన్నట్టు నాకు మెసేజ్‌లో పంపండి, రాసి ఫైల్‌గానే జత చేస్తాను, కాపీ పేస్ట్ వద్దు. డబ్ల్యూపీ కంటెంట్ లోపల ఎంయూ ప్లగిన్స్ అన్న ఫోల్డర్ లేకపోతే తయారుచేసి, అందులో ఆ ఫైల్ పడేయండి, ఆన్ చేయనక్కర్లేదు, దానంతట అదే పనిచేస్తుంది.

నాగావళి ఒడ్డు:

పర్మాలింక్స్ సేవ్ చేశాను, పోస్టులన్నీ తెరుచుకుంటున్నాయి. రాత్రి షిఫ్ట్ గారు పంపిన ఫైల్ పెట్టాక ఒక్కో పాటా నొక్కి చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికి 80 దాకా విన్నాను, రెంటికి మాత్రం ప్లేయర్ వచ్చినా పాట రావట్లేదు, ఆ ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, బహుశా అందుకేనేమో, పేర్లు ఇంగ్లీషులోకి మార్చి మళ్లీ ఎక్కిస్తాను. మిగతావి రేపు చూస్తాను.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఊడుపుల పాట వస్తోందా అని అడిగారు. వస్తోంది అని ఫోన్ పక్కన పెట్టి వినిపించాను.